ఎస్తేరుకు నేను రాసిచ్చిన రెండు పేజీలు

"పాపం, మేడమ్ అంత మంచి రిపోర్టు రాసిచ్చినా ఆ నర్సు వాడుకోలేకపోయింది."

మా ఆఫీసు చదరంగం గ్రూపులో ఈ మాట ఇంకా బతికే ఉంది. కొత్తగా ఎవరు చేరినా రెండో రోజుకో మూడో రోజుకో ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆ రెండు పేజీలూ పంపిస్తారు. ఒకరి ఆటను ఎలా చదవాలో, బలాలూ లోపాలూ ఎలా విడదీయాలో దీన్ని చూసి నేర్చుకోండని కింద ఒక దండం బొమ్మ పెడతారు. పోయిన వారం కూడా పంపారు. ఎవరో చిన్నపిల్ల, "వావ్ మేడమ్" అని రాసింది.

ఈ కథ తప్పు. వినయం కోసం అనడం లేదు. వినయం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఆమె వాడుకోలేకపోవడం కాదు, వాడుకుంది. ఒక్క ముక్క వదలకుండా వాడుకుంది. అందుకే ఆమె ఆట పాడైంది. పాడవుతుందని రాసేటప్పుడే నాకు తెలుసు.

నాలుగేళ్లయింది. మా ఆయనకు చెప్పలేదు. మా అక్కకు చెప్పలేదు. ఎవరైనా ఆ రిపోర్టును మెచ్చుకున్నప్పుడల్లా గుండెల మీద ఎవరో మోకాలు ఆనించి కూర్చున్నట్టు ఉంటుంది. మీటింగులో ఎదుటివాడు సగం మాట అనేలోపే జవాబు చెప్పే నోరు నాది. ఈ ఒక్క విషయంలో నాలుగేళ్లు మూసుకుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఆపకండి. ఆపితే వాదించడం మొదలుపెడతాను, వాదిస్తే గెలుస్తాను, గెలిస్తే ఇంక చెప్పను.

నాకు నలభై తొమ్మిదేళ్లు. అనంతపురం వైపు నుంచి వచ్చినదాన్ని. పాతికేళ్లుగా ఈ ఊళ్లో, ఇప్పుడు పుప్పాలగూడలో పద్నాలుగో అంతస్తులో కాపురం. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ నా పని. అంటే ఇంకొకరు కట్టినదాంట్లో తప్పు వెతకడం. ఇరవై ఏళ్లు అదే పని చేసిన మనిషి ఇంట్లో వేరేగా ఉంటుందని అనుకోకండి. "గుళ్లో ప్రసాదం పెట్టినా ఉప్పు తక్కువైందంటావే నువ్వు" అంటాడు మా ఆయన. తక్కువైతే అనకుండా ఎట్లా?

కాలేజీ రోజుల్లో చదరంగం ఆడేదాన్ని. యూనివర్సిటీ ఆడపిల్లల జట్టులో మొదటి బోర్డు నాది, అంటే జట్టులో అందరికంటే గట్టిగా ఆడేవాళ్లకిచ్చే చోటు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, కూతురు. చాలా ఏళ్లు బల్ల ముట్టలేదు. మళ్లీ ఫోన్లో మొదలుపెట్టాను. ఆఫీసులో నన్ను ఓడించేవాళ్లు లేరు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని.

ఎస్తేరు మా బిల్డింగ్ కింది అంతస్తులో, మెడికల్ రూములో నర్సు. మా కంపెనీ మనిషి కాదు, ఏజెన్సీ పంపిన మనిషి. సిద్దిపేట వైపు ఊరు, మూసాపేటలో కిరాయికి ఉండేది. నాకంటే పదేళ్లు చిన్న. ఒకరోజు తల తిరిగినట్టుంటే బీపీ చూపించుకోవడానికి దిగాను. చేతికి పట్టీ చుట్టి, గాలి కొడుతూ, మీటరు చూస్తూ నన్ను అడిగింది.

"ఎక్కువున్నది మేడమ్. ఎవరితోనన్న కొట్లాడి వచ్చిండ్రా?"

"కొట్లాడినందుకే నాకు జీతమిచ్చేది సిస్టర్."

నవ్వింది. బల్ల మీద ఆమె ఫోన్. తెర మీద చదరంగం బల్ల. ఆమె వంతు నడుస్తోంది, గడియారం తిరుగుతోంది, ఆమె మాత్రం నా బీపీ తాపీగా చీటీ మీద రాస్తోంది. నా వల్ల కాలేదు.

"ఆ బంటు పోతుంది చూసుకోండి."

"పోనీయండి మేడమ్. వాడు ఆకలిమీదున్నడు. తిన్నంక మెల్లగైతడు."

వాడు తిన్నాడు. మెల్లగయ్యాడు. ఇరవై ఎత్తుల తర్వాత ఓడిపోయాడు. నేను పట్టీ విప్పించుకోవడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఆన్‌లైన్ పేరు పల్స్72. మనిషి నాడి ఎంత ఉంటే మంచిదో అంత. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరం పదిహేను నిమిషాల ఆట ఆడేవాళ్లం. ఆమె కింద, నేను ఏడో అంతస్తులో. మొదట మీరు అన్నాను, నెల తిరిగేసరికి నువ్వు అన్నాను. ఆమె మాత్రం ఆఖరిదాకా మీరు, మేడమ్.

పది ఆటలాడితే ఎనిమిది ఆమె గెలిచేది. ఎలా గెలిచేదో చెప్పడం కష్టం. మీద పడేది కాదు. బెదిరించేది కాదు. మంత్రులు పోయి, గుర్రాలు పోయి, బల్ల దాదాపు ఖాళీ అయి, ఇంక డ్రానే కదా అని ఎదుటివాళ్లు టీకి లేచే సమయంలో ఆమె ఆట మొదలయ్యేది. ఏనుగును ఒక గడి. బంటును ఒక గడి. రాజును నడిరోడ్డు మీద నడిపించుకుంటూ వచ్చేది, ఎవరింటికో పలకరింపుకు వస్తున్నట్టు. మనం ఏ తప్పూ చేయం. అయినా యాభయ్యో ఎత్తుకు మన దగ్గర ఆడడానికి మంచి ఎత్తు ఒక్కటీ మిగలదు.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. నర్సింగ్ చదివేటప్పుడు ఎముకల వార్డులో వేశారట. కాలికి బరువులు కట్టి నెలల తరబడి పడుకోబెట్టిన రోగులు. అందులో ఒక ముసలాయన నేర్పాడు. తర్వాత వార్డంతా ఆమెతో ఆడేవారు.

"కాలు కట్టేసుకొని పండుకున్నోళ్లకు తొందరేముంటది మేడమ్? గెల్వాలని గాదు వాళ్లకు. ఆట ఒడవకుంటె చాలు. నేను సుత ఒడగొట్టకపోయేది."

ఆట తనంతట తాను ముగించేది కాదు ఎస్తేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు అవసరం పడుతుంది.

ఆ ఏడాది మా ఆఫీసుకు వారానికి మూడు రోజులు వస్తే చాలన్నారు. మనుషులు తగ్గితే మెడికల్ రూము ఎందుకన్నారు. జూన్ ఆఖరుతో ఏజెన్సీ ఒప్పందం అయిపోతుంది. ఎస్తేరు మళ్లీ ఆసుపత్రి వార్డుకు పోవాలి. ఆమె కాళ్లలో నరాలు ఉబ్బి నీలంగా తాళ్లలా ఉండేవి, ఒకసారి మేజోడు తీసి చూపించింది. పన్నెండేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం అది. ఇంక నిలబడే పని వద్దని డాక్టరే చెప్పాడట.

ఆన్‌లైన్‌లో చదరంగం నేర్పే కంపెనీ ఒకటి ఇంటి నుంచే పాఠాలు చెప్పేవాళ్ల కోసం చూస్తోంది. కూర్చుని చేసే పని. షరతు ఒక్కటే: జూన్ ఆఖరుకు రేటింగ్ రెండు వేలు ఉండాలి. గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే అంకె అది. మార్చి మొదట్లో ఎస్తేరుకు పంతొమ్మిది వందల అరవై.

"ఇంకొక్క నలభై మేడమ్. ఏడ ఆగుతున్ననో నాకు సమజైతలేదు. మీరు పెద్ద సదువు సదివిండ్రు. నా ఆటలు చూసి, ఏది మంచిగున్నదో ఏది దిద్దుకోవాల్నో రాసియ్యండి. మీరేది రాస్తే గది చేస్త."

రాసిస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు. లేదా? పదికి ఎనిమిది ఆటలు ఓడిన మనసులో ఏమీ లేకుండా ఉంటుందా? ఇది నాలుగేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను, ఒక్కో రోజు ఒక్కో జవాబు వస్తుంది.

మహిళా దినోత్సవం వచ్చింది. ఏటా ముగ్గుల పోటీ పెట్టేవారు. ఆడవాళ్లంటే ముగ్గులేనా అని నేనే గొడవ చేసి ఆ ఏడాది చదరంగం పెట్టించాను. బిల్డింగ్‌లో పనిచేసే ఆడవాళ్లెవరైనా ఆడొచ్చని నిబంధన రాసింది కూడా నేనే. ఆఖరి ఆట నాకూ ఎస్తేరుకూ. క్యాంటీన్‌లో పెద్ద తెర మీద వేశారు. రెండు వందల మంది ప్లేట్లు పట్టుకుని చూస్తున్నారు.

ఎప్పట్లాగే ఓడాను. ఏడో అంతస్తులో ఒక్కదాన్నే కూర్చుని ఓడటం వేరు.

అకౌంట్స్‌లో ఒకాయన ఉన్నాడు, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించేవాడు. ప్లేటు పైకెత్తి అరిచాడు. "అరెరె! నర్సమ్మ మేడమ్‌కు సూదిమందు ఇచ్చేసింది రో! మేడమ్, జర దూది పెట్టుకొని రుద్దుకోండి, వాపొస్తది!"

క్యాంటీన్ మొత్తం నవ్వింది. నా టీములో పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. వాడి మీద కోపం రాలేదు, ఇంకెవరి గురించైనా ఆ మాట నేనే అని ఉండేదాన్ని. నవ్వనిది ఎస్తేరు ఒక్కతే. దగ్గరకొచ్చి మెల్లగా అంది. "చివరికి మీ ఏనుగు మస్తు నిలబడ్డది మేడమ్. నాకు శాన కష్టమైంది."

అది అబద్ధం. ఆమెకు ఏమీ కష్టం కాలేదు. నొప్పి తెలియకుండా సూది వేయడం ఆమెకు అలవాటు, అంతే. ఆ జాలి నేను మింగలేకపోయాను.

మరుసటి సోమవారం పొద్దున మీటింగ్ రూములో కూర్చుని రిపోర్టు రాశాను.

ఇక్కడ మా ఆఫీసుల సంగతి ఒకటి చెప్పాలి. ఏడాదికోసారి మా కింద పనిచేసే ప్రతి మనిషి గురించీ ఒక ఫారం నింపుతాం. మొదటి గడి, బలాలు. రెండో గడి, మెరుగుపడాల్సినవి. రెండో గడి ఖాళీగా వదలకూడదు. మనిషిలో లోపం కనపడకపోయినా ఏదో ఒకటి రాయాలి. ఏం రాస్తాం? మొదటి గడిలో ఉన్న గుణాన్నే తిప్పి రాస్తాం. ఓపికగలవాడైతే చొరవ తక్కువ. జాగ్రత్తపరురాలైతే నిర్ణయాలు ఆలస్యం. సూటిగా మాట్లాడితే నలుగురితో కలవదు. నా గురించి ఏటా రాసేది అదే. ఇరవై ఏళ్లు రాసి రాసి నాకు చేయి తిరిగింది. ఏ మంచి గుణాన్ని ఇచ్చినా నిమిషంలో లోపంగా రాసివ్వగలను, చదివినవాళ్లు అవునవునని తలూపేట్టు.

దీనివల్ల ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. ఎందుకంటే మా వాళ్లెవరూ రెండో గడిని నమ్మరు. చదివి, నవ్వుకుని, ఫైలు మూసి, ఎప్పట్లాగే పని చేస్తారు.

ఎస్తేరు మా మనిషి కాదు. ఆమె నర్సు. ఆసుపత్రిలో కాగితం మీద ఏది రాసి ఉంటే అది చేయాలి. ఎనిమిది గంటలకు ఫలానా మాత్ర అని రాస్తే ఎనిమిది గంటలకే వేయాలి. ఎందుకని అడగకూడదు. అడిగి ఆలస్యం చేస్తే రోగి పోతాడు. ఈ తేడా నాకు తెలియదని చెప్పుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. తెలుసు. మీరేది రాస్తే గది చేస్త అని ఆమె నాకు చెప్పింది.

మొదటి గడిలో మూడు వాక్యాలు రాశాను. రెండో గడి పేజీన్నర.

మరీ నెమ్మది, ఆట మొదట్లోనే దాడి చేయాలి. మంత్రికి మంత్రిని బలిచ్చి మంత్రులను మార్చుకోవడం మానాలి. రాజును బయటికి తీసుకురావడం ప్రమాదం, చివరిదాకా కోటలోనే ఉంచాలి. ఒక్కో ఎత్తుకు ఇంతకంటే ఎక్కువ సమయం తీసుకోకూడదు. ఆఖరున ఇది: డ్రా కావలసిన ఆటలను అనవసరంగా సాగదీస్తుంది, ఈ అలవాటు వదలాలి.

చూశారా? ఏ కోచ్‌ను అడిగినా ఇందులో ఒక్క వాక్యాన్ని అబద్ధమనడు. ఇంకొకరికైతే ఇదే మంచి సలహా. అందుకే ఈ రోజుకీ గ్రూపులో తిరుగుతోంది. నేను కూడా ఇన్నాళ్లూ మంచి సలహా అనే ఆ గోడ వెనకే నిలబడ్డాను. కానీ ఆ వాక్యాలు ఎవరి కోసం రాశాను? ఏ ఆటతో ఆమె గెలుస్తుందో ఒక్కొక్క గుణాన్నే ఏరి, తిప్పి, రెండో గడిలో పెట్టాను. తప్పులు వెతకడం నా వృత్తి. ఆమెలో దొరకలేదు. దొరకకపోతే తయారుచేశాను.

అంతటితో ఆగలేదు. అదే రోజు ఆ రెండు పేజీలూ గ్రూపులో పెట్టాను. నన్ను రెండు వందల మంది ముందు ఓడించిన మనిషిలో ఎన్ని లోపాలున్నాయో నలుగురూ చూడాలని. ఎస్తేరు రెండు చేతులతో కాగితాలు తీసుకుంది. "ఇంత పెద్దగ రాసిండ్రా మేడమ్! మీ సమయమంత పెట్టిండ్రు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వాటిని రోగుల చార్టు పెట్టుకునే అట్టకు క్లిప్పుతో తగిలించి మెడికల్ రూములో గోడకు వేలాడదీసింది. ఒక్కో వాక్యం పక్కన రోజుకో టిక్కు. మందు వేసినట్టు గుర్తు.

ఏప్రిల్‌లో పడటం మొదలైంది. పంతొమ్మిది వందల ఇరవై. పద్దెనిమిది వందల డెబ్బై. ఆమె ఆటలు రోజూ తెరిచి చూసేదాన్ని. చేతకాని దాడులు. ఊరికే ముందుకు తోసిన బంట్లు. చివరిదాకా కోటలో ముడుచుకుని కూర్చున్న రాజు. తన సొంత ఇంట్లో దారి మరిచిపోయిన మనిషిని చూస్తున్నట్టుండేది. మధ్యాహ్నం ఆటల్లో నేను గెలవడం మొదలుపెట్టాను. పదికి ఆరు. తర్వాత ఏడు.

సంతోషించానా? సంతోషించాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. గెలిచిన రోజు లిఫ్టులో పాట కూనిరాగం తీసేదాన్ని.

మే నెలలో ఒకరోజు ఆమె ఏడో అంతస్తుకు వచ్చింది. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. నా టేబుల్ దగ్గర నిలబడింది, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ. నేను కూర్చోమనలేదు.

"మేడమ్, ఒక్క నిమిషం. జర ఇది చూస్తరా?"

ఫోన్లో ఆమె రేటింగ్ గీత. జ్వరం దిగుతున్న చార్టులా కిందికి. పద్దెనిమిది వందల పది.

"చూశాను."

"మీరు రాసినట్టే చేస్తున్న. ఒక్కటి సుత తప్పుతలేను. గని గెలుస్తలేను మేడమ్. నెలన్నరే ఉన్నది." ఫోన్ వెనక్కి తీసుకుంది. "ఇగ పాత తీరుగ ఆడుకోనా?"

ఇదీ నేను మోస్తున్నది. రిపోర్టు కాదు. రిపోర్టు కోపంలో రాశాను, సూది నొప్పిలో రాశాను, మనిషన్నాక జరుగుతుందని ఎవరైనా అంటే కాదనను. కానీ ఈ ప్రశ్న అడిగేనాటికి నాకు కోపం లేదు. వాపు తగ్గింది. నెలన్నర ఉంది. ఆడుకో ఎస్తేరూ, నేను రాసింది చించెయ్, అంటే చాలు. నెలన్నరలో మళ్లీ లేచేది. నూటికి నూరుపాళ్లూ లేచేది.

నా నోరు ఏమందో వినండి.

"మందు మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తావా సిస్టర్? మీ పేషెంట్లకు అదే చెబుతావా? మొదట్లో కొంచెం నీరసం వస్తుంది. కోర్సు పూర్తి చెయ్యి."

ఆమె ముఖం తేటపడింది. అది నేను మరిచిపోలేను. ముఖం మాడ్చుకుని ఉంటే బతికిపోయేదాన్ని. "నిజమే మేడమ్" అంది. "కోర్సు నడుమల ఆపొద్దు. నాకెందుకు యాదికి రాలే" అని, థాంక్స్ చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ కాళ్లతో, లిఫ్టు కోసం ఆగకుండా.

ఎందుకన్నాను అలా? తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందనా? ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొకటా? అంత పెద్ద కారణాలు వెతుక్కోవాలనే ఉంది నాకు. అసలు సంగతి చాలా చిన్నది. అప్పటికి వరసగా నాలుగు ఆటలు గెలిచి ఉన్నాను. ఐదోది కావాలనిపించింది.

జూన్ ఆఖరి రోజు. మెడికల్ రూము సర్దేశారు. బీపీ మిషన్ డబ్బాలో పెట్టేశారు. గోడ మీద అట్ట లేదు. ఎస్తేరు సంచీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. రెండు వేలు కాదు కదా, పద్దెనిమిది వందలు కూడా మిగల్లేదు. మియాపూర్‌లో ఒక ఆసుపత్రిలో వార్డు డ్యూటీ కుదిరిందని చెప్పింది. "ఒక్క ఆట ఆడుదమా మేడమ్?" అని అడిగింది.

ఎదురుబొదురుగా కూర్చుని, ఎవరి ఫోన్లో వాళ్లం ఆడాం. నాకు తెల్లవి. పదో ఎత్తుకు మంత్రులు మార్చుకుంది. నేను తలెత్తి చూశాను. ఆమె తలెత్తలేదు. తర్వాత గుర్రాలు పోయాయి. బల్ల ఖాళీ అవుతోంది. పాత ఎస్తేరు తిరిగొచ్చింది. ఏనుగు ఒక గడి. బంటు ఒక గడి. నల్ల రాజు కోట దిగి, నడిబల్ల మీద తాపీగా నడుచుకుంటూ నా బంట్ల వైపు వచ్చాడు. నా ఏనుగు ఒక బంటును కాచుకుని కదల్లేని స్థితి. ఇంకో పది ఎత్తులు. ఈ ఆట నేను వందసార్లు ఓడాను, ఎలా ఓడతానో గడిగడికీ తెలుసు.

తెర మీద చిన్న గంట మోగింది. ఆమె డ్రా అడుగుతోంది.

ఎస్తేరు. ఆట తనంతట తాను ముగించని ఎస్తేరు.

నేను వెంటనే నొక్కేశాను. ఒప్పుకున్నాను. ఆలోచించలేదు, ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. ఇంటికెళ్లి కంప్యూటర్‌కు చూపిస్తే నలుపుదే గెలుపంది, నాకు అది చెప్పనక్కర్లేదు.

"గెలిచే ఆట కదా" అన్నాను. ఆ మాత్రం అనగలిగాను.

"సాగదీసుడెందుకు మేడమ్" అంది. నవ్వింది. ఏ నవ్వో నాకు తెలియలేదు. సంచీలోంచి ఆ రెండు పేజీలూ తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి మీరే ఉంచుకోండ్రి."

ఆ రాత్రి కాదు, వారం తర్వాత ధైర్యం చేసి విప్పి చూశాను. ప్రతి వాక్యం పక్కన టిక్కులు, వరసగా, ఒకే సైజులో. జూన్ మొదటి వారం దాకా ఉన్నాయి. అక్కడితో ఆగిపోయాయి. ఆ తర్వాత మూడు వారాలు ఆమె ఎవరితోనూ, మధ్యాహ్నం నాతో కూడా, ఆటలే ఆడలేదు. అందుకని టిక్కులు లేవా? లేక మూడు వారాల ముందే ఏదో తెలిసి పెన్ను కింద పెట్టేసిందా? కాగితం చెప్పదు.

పల్స్72 ఖాతాలో ఆ డ్రా తర్వాత ఇంకో ఆట లేదు. నాలుగేళ్లుగా లేదు. రోజూ చూస్తాను. ఒకసారి మెట్రోలో మియాపూర్ వెళ్లి ఆ ఆసుపత్రి ఎదుట టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడ్డాను. నర్సులు వస్తున్నారు, పోతున్నారు. నా కాళ్లు నొప్పెట్టాయి. గంటకే. లోపలికి వెళ్లకుండా తిరిగొచ్చాను. ఇన్ని మాటలు వచ్చిన మనిషికి రిసెప్షన్‌లో ఒక పేరు అడగడం రాలేదు.

పోయిన వారం ఆ పిల్ల "వావ్" చూశాక ఆమె పాత ఆటలన్నీ మళ్లీ తెరిచాను. నాకు చేతనైన పని అదొక్కటే. ఈసారి నిజం రాశాను. నలుగురి ముందూ పెట్టాల్సిన రిపోర్టు ఇది:

ఈమె ఆట నెమ్మది కాదు, ఓపిక. ఎదుటివాళ్లు చాలనుకున్న చోట ఈమె చూడటం మొదలుపెడుతుంది. మంత్రులు మార్చుకున్నాక ఈమె రాజంత బలమైన రాజును నేను చూడలేదు. బంటు పోతే కంగారు పడదు. ఎదుటివాళ్లను అవమానించి గెలవదు. దిద్దుకోవాల్సినవి రెండే. తెల్లవాటితో ఆడేటప్పుడు మొదటి పది ఎత్తుల్లో కొంచెం తడబాటు, ఒక నెల సాధన చేస్తే పోతుంది. అప్పుడప్పుడూ గడియారం చూసుకోవడం మరిచిపోతుంది. నలభై పాయింట్లు ఎక్కడ ఆగాయని అడిగింది కదా, ఇక్కడే ఆగాయి. ఆమెను ఇలాగే వదిలేస్తే రెండు వేలు దాటుతుంది.

అర పేజీ కూడా కాలేదు. ఇది రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. రేపు గ్రూపులో పెడతాను, కింద ఆ పాతది ఎందుకు రాశానో కూడా. అకౌంట్స్ ఆయన ఏమంటాడో అననీ. ఇదంతా చెప్పినందుకు మీరు నన్ను క్షమించాలని అనుకోవడం లేదు. క్షమించడానికి మీరెవరు? మీ కాళ్లు కాదు కదా. చెప్పాను కాబట్టి మోకాలు కొంచెం పక్కకు జరిగింది, ఊపిరి ఆడుతోంది. అంతవరకే.

కానీ ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. ఈ కాగితం ఏదో దారిన తిరిగి తిరిగి నీ కంటపడితే, ఎస్తేరూ, నన్ను తిట్టకపోయినా పర్వాలేదు, ఇది ఒక్కటి చెప్పు. నీ రాజు నా బంట్ల దాకా వచ్చేశాడు. గెలుపు పది ఎత్తుల దూరం. ఆ డ్రా నా మాట నమ్మి ఇచ్చావా, నా సంగతి తెలిసి ఇచ్చావా?